రెండో అక్షరం 'ళ్ళెం'



ముందుగా మీకొక చిన్న పని. కాగితం అక్కర్లేదు, కలం అక్కర్లేదు. వంట చేస్తూ వింటున్నవాళ్ళు గరిటె కింద పెట్టక్కర్లేదు. రెండక్షరాల మాటలు కావాలి. మొదటి అక్షరం ఏదైనా సరే, రెండోది మాత్రం 'ళ్ళెం' అయి ఉండాలి. ళకు ళ వత్తు, ఎత్వం, పక్కన సున్న. ళ్ళెం. నాకు తెలిసి అలాంటివి మూడున్నాయి. మూడూ ఒకప్పుడు పల్లెటూరి ఇంట్లోనో, వాకిట్లోనో రోజూ చేతికి తగిలిన వస్తువులే. నేను మాట్లాడుతూ ఉంటాను, మీరు మనసులో వెతుకుతూ ఉండండి. కాసేపటికి ఆ మూడూ చెప్పుకుందాం.

రోజూ మనం మాటను వెతికేది అర్థాన్ని పట్టుకొని. దాహం వేస్తే మంచినీళ్ళు అనే మాట దానంతటదే నోటికొస్తుంది. ఇప్పుడు మీ దగ్గర అర్థం లేదు. ఒక్క అక్షరం ఉంది, అదీ చివరిది. ఈపాటికి మీలో చాలామంది అక్షరమాల మొదటికి వెళ్ళి ఉంటారు. అళ్ళెం, ఇళ్ళెం, ఉళ్ళెం అని పెదవుల మీదే అనుకుంటూ, కాదు కాదు అని దాటుకుంటూ నడుస్తూ ఉంటారు. ఆ నడక గురించే ఇవాళ నాలుగు మాటలు చెప్పాలని వచ్చాను. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో తెలుగు చెప్పాను. అందులో చాలా ఏళ్ళు ఒక పత్రికకు పదకేళి కూర్చాను. అర్థంతో వెతికితే మనకు కావలసిన మాట దొరుకుతుంది. అక్షరంతో వెతికితే మనం మరిచిపోయిన మాటలు కూడా దొరుకుతాయి. ఇన్నేళ్ళలో నాకు తెలిసివచ్చిన సంగతి ఇదే.

పిల్లలందరూ ఆడే ఆట ఒకటుంది. కాగితం మీద నిలువు గీతలు గీసి పేరు, ఊరు, జంతువు, వస్తువు అని రాసుకుంటారు. ఒకరు మనసులో అక్షరమాల చదువుకుంటూ పోతుంటే, ఇంకొకరు 'ఆపు' అంటారు. 'ఏ' దగ్గర ఆగిందా, పండగే. ఏలూరు, ఏనుగు, ఏతం గబగబా రాసేస్తారు. 'ఖ' దగ్గర ఆగితే ముందు అయ్యో అంటారు. తర్వాత ఖమ్మం గుర్తొస్తుంది, ఖడ్గమృగం గుర్తొస్తుంది, వస్తువు కింద ఖడ్గం వచ్చి కూర్చుంటుంది. 'ణ' దగ్గర ఆగితే మాత్రం గొడవే. ణతో మొదలయ్యే మాట మనకు లేదు. ళతోనూ లేదు. అంత్యాక్షరిలో పాట ళ మీద ఆగితే మా ఇంట్లో లతో ఎత్తుకోనిస్తాం, ణ మీద ఆగితే నతో. 'ఎందుకలా?' అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న అడిగారంటే ఆటలోంచి పాఠంలోకి వాళ్ళే నడిచి వచ్చారన్నమాట.

మనుషులకున్నట్టే అక్షరాలకూ అలవాట్లున్నాయి. కొన్ని మాట ముందు నిలబడవు, కొన్ని చివర ఉండవు. ఙ, ఞ అనే రెండూ వేరే అక్షరాన్ని ఆనుకొని తప్ప కనిపించవు. వాఙ్మయంలో ఒకటి, జ్ఞానంలో ఇంకొకటి. ఘ, ఛ, ఝ, ఢ, ధ, భ లాంటి వత్తక్షరాలున్నాయే, అచ్చతెలుగు మాటల్లో అవి దాదాపు ఉండవు. చిన్నయసూరి బాలవ్యాకరణం మొదట్లోనే సంస్కృతానికి వర్ణాలు 50, ప్రాకృతానికి 40, తెలుగుకు 36 అని లెక్క తేల్చారు. కాబట్టి పదకేళి గడిలో 'ఘ' పడిందంటే సంస్కృతం వైపు చూడాలి. మేఘం, ఘటం, లాఘవం. 'ఖ', 'ఫ' పడితే సంస్కృతంతో పాటు ఉర్దూ వాకిలి కూడా తట్టాలి. ఖర్చు, ఖాళీ, ఖరీదు, ఫిర్యాదు అటునుంచి వచ్చినవే.

ఇంకో వింత చూడండి. ర, ల అక్షరాలతో మొదలయ్యే అచ్చతెలుగు మాటలు మనకున్నాయి. రెండు, రోలు, లేదు. పక్కనున్న తమిళంలో వీటి చుట్టాలు ఇరండు, ఉరల్, ఇల్లై. అక్కడ ముందు అచ్చు నిలబడి ఉంది, ర, ల దాని వెనకున్నాయి. తెలుగులో ఎప్పుడో పూర్వకాలంలో ఆ అక్షరాలు చోట్లు మార్చుకున్నాయి. దీన్ని వర్ణవ్యత్యయం అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి వంటి భాషాశాస్త్రవేత్తలు దాన్ని వివరంగా తేల్చి చెప్పారు. 'ర'తో వస్తువు పేరు చెప్పమంటే మా మనవరాలు 'రోలు' అంటుంది. ఆ ఒక్క మాట అనడానికి మన పూర్వులు ఎన్ని తరాలు నాలుక తిప్పి ఉంటారో!

ఇక పదకేళి సంగతి. దీనికి తెలుగులో పేర్లు చాలా ఉన్నాయి. పదబంధ ప్రహేళిక అన్నారు, గళ్ళ నుడికట్టు అన్నారు, గడినుడి అన్నారు. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే శ్రద్ధగా చేసిన పని ఇది. పుట్టిల్లు మాత్రం అమెరికా. లివర్‌పూల్‌లో పుట్టి న్యూయార్క్‌లో పత్రికా ఉద్యోగం చేసిన ఆర్థర్ విన్ 1913 డిసెంబరు 21న 'న్యూయార్క్ వరల్డ్' ఆదివారం అనుబంధంలో మొదటి పదకేళి అచ్చువేశారు. అది చతురస్రం కాదు, వజ్రం ఆకారంలో ఉండేది. తర్వాత ఇరవై ఏళ్ళు తిరక్కుండా, ఆర్థిక మాంద్యంలో పని పోగొట్టుకున్న ఆల్‌ఫ్రెడ్ బట్స్ అనే వాస్తుశిల్పి పత్రికల పేజీలు ముందేసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టారు. ఆ లెక్కే స్క్రాబుల్ ఆటకు పునాది. ఎక్కువగా వచ్చే 'ఇ' అక్షరానికి 12 బిళ్ళలు, అరుదైన 'క్యూ'కు ఒక్కటే బిళ్ళ, దానికి 10 మార్కులు. బహువచనానికి పనికొచ్చే 'ఎస్' బిళ్ళలు మాత్రం నాలుగే పెట్టారు. లేకపోతే ప్రతి మాటకూ దాన్ని తగిలించి గెలిచేస్తారని. తెలుగులో ఆ పని చేసేది 'లు'.

తెలుగు గడికీ ఇంగ్లీషు గడికీ పెద్ద తేడా ఉంది. వాళ్ళకు గడికొక వర్ణం. అన్నీ కలిపి 26. మనకు గడికొక అక్షరం. హల్లు, దాని వత్తు, గుణింతం, సున్న అన్నీ ఒకే గడిలో సర్దుకోవాలి. ఒక్క కకే గుణింతంలో 16 రూపాలు. అడ్డం మాటలో 'కి' ఉంటే నిలువు మాటలోనూ సరిగ్గా 'కి'యే ఉండాలి. 'కీ' పనికిరాదు, 'కె' పనికిరాదు. అందుకే తెలుగు పదకేళి కూర్చడం కష్టం, అది కుదిరినప్పుడు కలిగే సంతోషం ఎక్కువ. 'స్త్రీ' అని రాయండి. మనకది ఒకే అక్షరం, ఒకే గడి. కంప్యూటరు మాత్రం దాన్ని స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు ముక్కలుగా దాచుకుంటుంది. రెండక్షరాల మాట కావాలని యంత్రాన్ని అడగాలంటే, అసలు అక్షరమంటే ఏమిటో ముందు దానికి నేర్పాలి. ఒకటో తరగతి పిల్లకు ఆ అవసరం లేదు. 'స్త్రీ' అని ఒక్కసారి చప్పట్లు కొడుతుంది, అంతే.

గళ్ళు నింపేవాళ్ళ కోసం నాకు తెలిసిన మెళకువలు కొన్ని చెబుతాను. మొదట మాట తోక చూడండి. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో 'లు' ఉండే వీలు ఎక్కువ. మగవాడి గురించైతే 'డు' వేసి చూడండి. పని పేరైతే 'డం' లేదా 'ట'. తోక కుదిరితే సగం మాట దొరికినట్టే. తర్వాత వత్తు చూడండి. అక్షరానికి అదే అక్షరం వత్తుగా ఉంటే, అంటే అక్క, పప్పు, కొబ్బరి లాగా ఉంటే, చాలావరకు మన ఇంటి మాటే. వేరే అక్షరం వత్తుగా ఉంటే, పుస్తకం, ధర్మం లాగా, చాలావరకు సంస్కృతం. ఇక మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది. కళ్ళతో వెతకకండి, చెవితో వెతకండి. ఖాళీగా ఉన్న గడిలో క నుంచి ఒక్కొక్క అక్షరాన్నీ గుణింతంతో సహా పైకి అంటూ పోండి. కంటికి కనబడని మాటను చెవి టక్కున పట్టేస్తుంది.

అలా అంటూ పోతే మీకు దొరికి ఉండాలి. క దగ్గర కళ్ళెం, గొ దగ్గర గొళ్ళెం, ప దగ్గర పళ్ళెం. బ దగ్గర బల్లెం అడ్డుపడి ఉంటుంది కానీ, అందులో ఉన్నది ల, ళ కాదు.

మొన్న వేసవిలో ఈ మూడు మాటల కోసమే మా ఊళ్ళో పెంకుటింటి అరుగు మీద మూడు తరాలవాళ్ళం కూర్చున్నాం. హైదరాబాదు నుంచి వచ్చిన మనవరాలికి పదేళ్ళు. అది వెంటనే పళ్ళెం అంది. నాకు కళ్ళెం తట్టింది. ఎనభై ఆరేళ్ళ మా అమ్మ వత్తులు చేసుకుంటూ, తల ఎత్తకుండానే 'గొళ్ళెం' అంది.

'గొళ్ళెం అంటే ఏంటి తాతమ్మా?' అని అడిగింది పిల్ల. అది పుట్టి పెరిగింది అపార్టుమెంటులో. అక్కడ తలుపుకు ఉండేది తాళంచెవి తిప్పే లాకు. అమ్మ చెప్పలేదు. వత్తులు పక్కన పెట్టి లేచి, పిల్ల చెయ్యి పట్టుకొని దొడ్డి గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. తలుపుకు వేలాడుతున్న ఇనుప గొలుసు చూపించింది. 'ఇదేనే గొళ్ళెం. తీసుకెళ్ళి ఆ పైన ఉన్న కొక్కేనికి తగిలించు' అంది. పిల్లకు అందలేదు. పీట వేసుకొని ఎక్కి, గొలుసు సాగదీసి తగిలించింది. టక్కుమని చప్పుడైంది. ఆ చప్పుడుకు దాని మొహం వెలిగింది. మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. ఆ సాయంత్రమంతా మా ఇంట్లో గొళ్ళెం చప్పుడే. మాట ఒకటి పిల్లల నోటికి అందడమంటే ఇలాగే ఉంటుంది. అర్థం చెబితే వింటారు, వస్తువు చేతికిస్తే ఉంచుకుంటారు.

'ళ్ళ' అనే ఈ రెండో అక్షరాన్ని నేను ఊరికే ఎంచుకోలేదు. మన పద్యానికి ప్రాణం రెండో అక్షరంలో ఉంది. అదే ప్రాస. కందంలో, ఉత్పలమాల వంటి వృత్తాల్లో నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావాలి. గుణింతం మారినా ఫరవాలేదు. కళ్ళెం, పెళ్ళి, నీళ్ళు, ముళ్ళు అన్నీ ఒకే ప్రాస. అంటే వెయ్యేళ్ళుగా మన కవులు చేసినది ఈ వెతుకులాటే. నిఘంటువు మొదటి అక్షరం వరసలో ఉంటుంది. 1885లో వచ్చిన శబ్దరత్నాకరమైనా అంతే. రెండో అక్షరం వరసలో మాటలు పేర్చుకున్న నిఘంటువు కవి తలలోనే ఉండేది.

అవధాన సభలకు వెళ్ళినవాళ్ళకు ఇది బాగా తెలుసు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ప్రజలకు దగ్గర చేసిన విద్య అది. న్యస్తాక్షరిలో ఏ పాదంలో ఎన్నో చోట ఏ అక్షరం ఉండాలో పృచ్ఛకుడు ముందే చెబుతాడు. నిషిద్ధాక్షరిలో ఏ అక్షరం ఉండకూడదో అడుగడుగునా చెబుతాడు. మచ్చుకు నేనొకటి అల్లి చెబుతాను. సరస్వతి మీద పద్యం. అవధాని 'వా' అన్నారనుకోండి. వాణి అనబోతున్నారని పసిగట్టి పృచ్ఛకుడు 'ణ' వద్దంటాడు. అవధాని 'గ్ధా' అంటారు. అయితే వాగ్ధార అని 'ర' వద్దంటాడు. అవధాని తొణక్కుండా 'టి' అంటారు. వాగ్ధాటి! సభ గొల్లుమంటుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి, అదీ మూస్తే మరో దారి. ఒక్కో అక్షరం తర్వాత తెలుగు మాట ఎన్ని దారుల్లో పోగలదో ఆ సభలో మన కళ్ళముందే కనబడుతుంది.

ఇంతకన్నా పెద్ద నియమం పెట్టుకున్న కవులున్నారు. పెదవులు తగలకుండా పలికే అక్షరాలతోనే రాయాలని పెట్టుకున్న నియమం. ప, ఫ, బ, భ, మ అనే అక్షరాలు రాకూడదు. దీన్ని నిరోష్ఠ్యం అంటారు. సంస్కృతంలో దండి రాసిన దశకుమారచరిత్రలో మంత్రగుప్తుడు తన కథంతా ఇలాగే చెబుతాడు. ప్రియురాలి పంటిగాట్లతో పెదవి నొప్పిగా ఉంది కాబట్టి పెదవి కదపలేడు. తెలుగులో గోలకొండ కుతుబ్‌షాహీల కాలపు కవి మరింగంటి సింగరాచార్యులు రామకథనే నిరోష్ఠ్యంగా రాశారు. ఒక్కసారి ఆలోచించండి. రాముడు అనడానికి లేదు, మ వచ్చేస్తుంది. లక్ష్మణుడు అనడానికి లేదు. భరతుడు లేదు, హనుమంతుడు లేదు. సీత మాత్రం ఇబ్బంది లేకుండా నిలబడుతుంది. మరి ఆ కావ్యానికి పేరేం పెట్టారు? 'దశరథరాజనందన చరిత్ర'. ఇప్పుడు మీరే పైకి అనండి. పెదవులు ఒక్కసారైనా కలిశాయా? రాముడి పేరు పలకకుండా రాముణ్ణి చెప్పడానికి ఆయన తండ్రి పేరు తోడు తెచ్చుకున్నారు. నియమం బిగించినకొద్దీ భాష కొత్త దారి చూపించింది.

నాకు ఈ ఆట నేర్పిన ఇంకో పాఠం ఉంది. ఒకసారి నా పదకేళిలో 'వడ్లు నూర్చే చోటు' అని ఆధారం ఇచ్చి, రెండో గడిలో 'ళ్ళం' వచ్చేలా కూర్చాను. నా మనసులో ఉన్నది కళ్ళం. వారం తిరగకుండా తెలంగాణ నుంచి ఒక రైతు ఇల్లాలి కార్డు వచ్చింది. 'మా దిక్కు కల్లం అంటమమ్మా, మీ నిలువు మాట మాకు కుదరలేదు' అని రాశారు. ఆమె రాసినది అక్షరాలా న్యాయం. మాట ఒకటే అయినా ఒక ఊళ్ళో ళ పలికితే ఒక ఊళ్ళో ల పలుకుతుంది. ఆ కార్డు చాలా ఏళ్ళు నా బల్లమీదే ఉంది. తర్వాత ఏ గడి కూర్చినా, ఈ మాట మన జిల్లా దాటితే ఎలా ఉంటుంది అని ముందు అడుగుతూ వచ్చాను. వేరుశెనగ ఒకచోట పల్లీలు, ఒకచోట బుడ్డలు, ఒకచోట శనక్కాయలు. కోస్తాలో ఆనపకాయ, సీమలో సొరకాయ. ఒక పేరుకు గడి చాలితే ఇంకోదానికి చాలదు. 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటంగా వ్యవసాయ పదాలు అచ్చువేసినవాళ్ళు ఊరూరా తిరిగి రైతుల నోటినుంచి ఇలాంటి మాటలే ఏరుకున్నారు. మన గడికి సరిపోని మాట తప్పు మాట కాదు. ఇంకో ఊళ్ళో అది నిండు బతుకు బతుకుతూ ఉంటుంది.

ఇప్పుడు ఫోనులో అక్షరాలు కొడితే మాటల పట్టీ క్షణంలో వస్తుంది. అది మంచి సాధనమే, కాదనను. గడి కూర్చేటప్పుడు నేనూ వాడతాను. కానీ పిల్లలతో ఆడేటప్పుడు మాత్రం దాన్ని చివరికి ఉంచండి. ముందు మన తల వెతకాలి, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళను అడగాలి, ఆ తర్వాత నిఘంటువు, ఆఖరున ఫోను. ఎందుకంటే ఫోను మాటను ఇస్తుంది. మా అమ్మ మాటతో పాటు తలుపు కూడా చూపించింది.

ఆ వేసవి కథ అక్కడితో అయిపోలేదు. గొళ్ళెం తగిలించేది కొక్కేనికి కదా. మర్నాడు పిల్ల నా దగ్గరికొచ్చి, 'అమ్మమ్మా, క్కెం అని వచ్చేవి ఇంకేమున్నాయి?' అంది. అదే ఎత్తుకుంది చూడండి, నేను చెప్పకుండానే. ఇద్దరం నిఘంటువు ముందేసుకొని కూర్చున్నాం. ఒక్కొక్క అక్షరం దగ్గరా ఆగి, వేలు పెట్టి చూసుకుంటూ పోయాం. రెండు మధ్యాహ్నాలు పట్టింది. ట దగ్గర దొరికింది. టెక్కెం. అంటే జెండా. ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పిన నేను ఆ మాట పాత పుస్తకాల్లో చదివానే గానీ ఎప్పుడూ నోటితో అనలేదు.

ఆగస్టు 15న పొద్దున్నే ఫోను మోగింది. బడినుంచి ఇంటికి వస్తూనే మనవరాలు చేసింది. 'తాతమ్మకివ్వు' అంది. ఇచ్చాను. అవతలినుంచి ఆ గొంతు నాకూ వినిపించింది. 'తాతమ్మా, ఇవాళ మా బళ్ళో టెక్కెం ఎగరేశాం!' మా అమ్మకు ఆ మాట తెలియదు. 'అంటే ఏంటే తల్లీ?' అని అడిగింది. ఈసారి చెప్పడం పిల్ల వంతు అయింది.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర మీరూ ఆడండి. రెండక్షరాల మాట, రెండోది 'ట్టి'. ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళను ముందు అడగండి. వాళ్ళు చెప్పిన మాట మీకు తెలియకపోతే, అదేమిటో చూపించమని అడగండి.